దీపం పెట్టమంటే చీర మారిపోతోంది!

ప్రశ్న: అక్కా, మా కాలనీ బోనాల బ్యానర్ ఈసారి నేనే చేస్తానని ఒప్పుకున్నాను. బొమ్మలు గీసే ఏఐ ఏజెంట్ టూల్ ఒకటి తీసుకున్నాను. మొదటి బొమ్మ బాగానే వచ్చింది, కానీ బోనం మీద దీపం లేదు. పెట్టమంటే పెట్టింది, అమ్మాయి చీర రంగు మాత్రం మారిపోయింది. చీర సరిచేయమంటే బోనం కాస్తా కొబ్బరికాయ పెట్టిన కలశమైపోయింది. ఇరవైసార్లు మార్పించాను. క్రెడిట్లు అయిపోవచ్చాయి, టెన్షన్‌గా ఉంది. మళ్లీ ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: చెల్లెమ్మా, ఛత్తా బజార్‌లో పదకొండేళ్లు పెళ్లికార్డుల డీటీపీ చేశాను. ప్రూఫ్ చూసి "ఇంకొంచెం బాగుండాలి" అనేవాళ్ల కార్డు ఏడో ప్రూఫ్‌కి కూడా తేలేది కాదు. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి "ఇక్కడ దీర్ఘం పడాలి, మిగతాది కదపకు" అన్నవాళ్లది రెండో ప్రూఫ్‌కే అచ్చుకు వెళ్లేది. మీ ఏజెంట్‌తో కూడా అలాగే మాట్లాడాలి.

అది చేసే పని ఇది: మీ మాట విని తనే ప్రాంప్ట్ (బొమ్మ ఎలా ఉండాలో చెప్పే వివరణ) రాసుకుంటుంది, బొమ్మ గీయిస్తుంది, వచ్చినదాన్ని తనే చూసి తప్పు వెతుకుతుంది, మళ్లీ రాస్తుంది. ఇలాంటి టూల్స్ చాలావాటిలో, కొత్తగా గీయమన్న ప్రతిసారీ బొమ్మ చుక్కల గందరగోళంలోంచి మొదటి నుంచీ తయారవుతుంది. అందుకే దీపం అడిగితే చీర పోయింది. "కొత్తగా గీయి" అనకండి. నచ్చిన బొమ్మను ఎక్కించి, బోనం పైభాగాన్ని మాత్రం టూల్‌లోని బ్రష్‌తో గుర్తుపెట్టి, "ఈ చోట మట్టి మూకుడులో వెలుగుతున్న దీపం పెట్టు, మిగతా బొమ్మ ఉన్నదున్నట్టు ఉండాలి" అని చెప్పండి. ఒక్కసారికి ఒక్కటే దిద్దుబాటు.

అయితే అంతకన్నా ముందు చేయాల్సిన పని ఉంది. బోనమంటే ఏమిటో దానికి మీరే చెప్పాలి. ఈ టూల్స్‌కి కలశం బాగా అలవాటు, అందుకే మామిడాకులు, కొబ్బరికాయ తెచ్చిపెడతాయి. మన బోనం వేరు కదా! పాలు, బెల్లం వేసి వండిన అన్నం ఉన్న కుండ, దానికి పసుపు, కుంకుమ బొట్లు, చుట్టూ వేపమండలు, పైన దీపం. తన బొమ్మను తనే చూసుకునేటప్పుడు ఏజెంట్‌కి ఈ తేడా పట్టుబడకపోవచ్చు, "చక్కగా వచ్చింది" అనేయొచ్చు. కాబట్టి మీ ఇంట్లో నిరుటి బోనం ఫోటో ఉంటే అదే ఇవ్వండి. దాంతోపాటు నాలుగే మాటలు రాసివ్వండి: వేపమండలు ఉండాలి, కొబ్బరికాయ ఉండకూడదు, దీపం వెలగాలి, చీర ఎర్ర అంచు పసుపు చీరే. ప్రతి బొమ్మనూ వీటితో సరిచూసి, ఏది తప్పిందో ముందు మీకు చెప్పి, మీరు సరేనన్నాకే దిద్దమనండి.

నిరుడు నేను ఈ జాగ్రత్త తీసుకోలేదు. మా బస్తీ బ్యానర్‌కి "బాగా వచ్చేదాకా మారుస్తూ ఉండు" అని చెప్పి వంటింట్లోకి వెళ్లాను. పప్పుకి తాలింపు వేసి వచ్చేసరికి 14 బొమ్మలు! ఆఖరిదాంట్లో అమ్మాయి ముఖం మైనం పూసినట్టు నున్నగా ఉంది, వేపాకులన్నీ కలిసి ఆకుపచ్చ ముద్దయ్యాయి. దిద్దిన బొమ్మనే మళ్లీ మళ్లీ దిద్దితే ప్రతిసారీ కొంత నాణ్యత పోతుంది. మూడో బొమ్మ చాలా బాగుంది, దాన్ని దాచుకోలేదని ఇప్పటికీ బాధే. అందుకే "మూడుసార్లు మార్చి ఆగు" అని ముందే చెప్పండి. ప్రతి బొమ్మనూ బోనం-1, బోనం-2 అని నంబరు వేసి దాచండి. ఐదోది చెడితే ఐదోదాన్ని బాగుచేస్తూ కూర్చోకుండా, బాగున్న నాలుగోదానికే వెనక్కి వెళ్లండి.

మీకు మిగిలిన క్రెడిట్లు తక్కువ కాబట్టి, మొదటి రెండు మూడు ప్రయత్నాలు అమ్మాయి ఎటు నిలబడాలి, బోనం ఎంత పెద్దగా కనపడాలి, అక్షరాలకు ఖాళీ ఎక్కడ వదలాలి అన్నవాటికే వాడండి. గాజులు, పూలు తర్వాత.

అక్షరాలు మాత్రం టూల్‌తో రాయించకండి. తెలుగు ఒత్తులు తరచూ తప్పుతాయి, అమ్మవారి పేరు తప్పుగా అచ్చయితే మనసు ఊరుకోదు. రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్‌తో మీరే పైన టైప్ చేయండి.

సైజు కూడా చూసుకోండి. 1536 పిక్సెళ్ల వెడల్పు బొమ్మను 6 అడుగుల ఫ్లెక్స్ మీద వేస్తే అంగుళానికి సుమారు 21 పిక్సెళ్లే వస్తాయి, దగ్గరికెళితే గళ్లు కనిపిస్తాయి. దిద్దుబాట్లన్నీ అయ్యాక, ఆఖరున ఒక్కసారే 4 రెట్లు అప్‌స్కేల్ చేయించండి, అంటే బొమ్మ పిక్సెళ్లు పెంచమనండి. అప్పుడు అంగుళానికి 85 దాకా వస్తాయి, బ్యానర్‌కి చాలు. ముందే పెంచేస్తే ప్రతి దిద్దుబాటుకీ టైమూ, క్రెడిట్లూ ఎక్కువ పోతాయి.

ఫ్లెక్స్ షాపుకి పంపేముందు మీ వీధిలో ఏటా బోనం ఎత్తే పెద్దావిడ ఎవరికైనా ఫోన్లో చూపించండి. మా బస్తీలో ఒక పెద్దమ్మ చూడగానే "వేపమండ ఏదమ్మా?" అంది. ఆ బొమ్మను అప్పటికి ఆరుసార్లు చూసిన నాకది కనపడలేదు.