బాధ్యతగా కొనడమంటే నా లెక్కలో బిల్లు అడగడమే

"ఎథికల్‌గా కొనాలంటే అన్నీ రేటెక్కువే, మిడిల్ క్లాస్ వాళ్లం ఏం చేయాలి" అని అడిగారు కదా. మిగతా వస్తువుల సంగతి పక్కనపెడితే చీరల గురించి మాత్రం గట్టిగా చెప్తా, మా అమ్మమ్మ వాళ్లది పోచంపల్లి.

పోయిన శ్రావణంలో మా వదినతో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపుకి వెళ్లా, పేరొద్దులెండి. సేల్స్ అబ్బాయి చీర పరిచి "ఒరిజినల్ పోచంపల్లి మేడం, ప్యూర్ హ్యాండ్లూమ్, మీకోసం 2,200" అన్నాడు. కొంగు తిరగేశా, వెనక రంగు వెలవెలబోతోంది. పోచంపల్లి చీరలది ఇక్కత్ నేత, అందులో డిజైన్ బట్ట మీద వేయరండీ, నూలునే రబ్బరు పీలికలతో బిగించి కట్టి రంగులో ముంచి ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు, కాబట్టి లోపలా బయటా ఒకేలా ఉండాలి. అదే అడిగితే "కొత్త మోడల్ మేడం, వెనక లైట్‌గానే వస్తది" అన్నాడు! వదినేమో నా మోచెయ్యి గిల్లుతూ "ఊకోవే, అందరు చూస్తున్నరు" అంటోంది.

"సరే బాబూ, బిల్లు మీద పోచంపల్లి చేనేత అని రాసివ్వు, ఇప్పుడే తీసుకుంటాం" అన్నా. ఓనర్ని పిలిచాడు. ఆయనొచ్చి సిస్టంలో "శారీ" అనే వస్తదమ్మా అని మొదలుపెట్టి, కాసేపు అటూఇటూ తిరిగి, చివరికి ప్రింటే అని ఒప్పుకుని 900కి ఇచ్చాడు. వదినకి కలర్ నచ్చింది, కొనుక్కుంది. ప్రింట్ చీర కట్టుకుంటే పాపమేం లేదు, దాన్ని చేనేత పేరు మీద అమ్మితేనే నాకు ఒళ్లు మండేది.

మా అత్తయ్య ఆసు పోయడం చూస్తూ పెరిగాను మరి. ఒక్క చీరకి దారం పట్టుకుని మేకుల చుట్టూ చెయ్యి వేలసార్లు తిప్పాలి, రాత్రికి భుజం లేచేది కాదు, ఇల్లంతా అమృతాంజనం వాసన. చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ ఇదే బాధ పడుతుంటే చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ పని పక్కన అదే పేరుతో ప్రింట్ గుడ్డ వేలాడదీస్తే నేసినోళ్లకి రేటు ఎక్కడినుంచి వస్తుంది?

ఇక ఆగస్టు 7న చేనేత దినోత్సవం సెల్ఫీలు పెట్టేవాళ్లున్నారు, వాళ్లలో ఎందరు కొంగు తిరగేసి చూశారో దేవుడికే తెలియాలి. ఆన్‌లైన్‌లో ఇంకా ఘోరం, "డిజైన్ అంచులు అలుక్కుపోయాయి, డ్యామేజ్ పీస్" అని ఒక్క స్టార్ ఇచ్చి రిటర్న్ కొడతారు. తల్లీ, ఇక్కత్ అంచు అలాగే ఉంటుంది!

అలాగని తిరగేస్తే అంతా తేలిపోదు, పవర్‌లూమ్ (కరెంటు మగ్గం) మీద నేసినా రెండువైపులా ఒకేలా రావచ్చు. చేత్తో నేసిందని చెప్పే హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ ఉందేమో చూడండి. సిల్క్ మార్క్ అయితే పట్టు అసలుదని చెప్పడానికి మాత్రమే, చేత్తో నేశారని కాదు, షాపులవాళ్లు కావాలనే రెండూ కలిపేసి చెప్తారు. ఏ లేబుల్ లేకపోతే బిల్లు మీద చేనేత అని రాయించుకోండి, మోసమని తేలితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే కంప్లైంట్ ఇవ్వొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అసలు బిల్లు ఇవ్వకపోవడం కూడా తప్పే. "బిల్లు వద్దంటే ఓ వంద తగ్గిస్తాం" అంటారు చూడండి, నేనైతే అక్కడికక్కడే చెప్పులేసుకుని పక్క షాపుకి పోతా.