తండ్రి ఉండగా బడికి మేనమామ ఎందుకు వెళ్లాడు?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. బాబు తొమ్మిదో తరగతి. తెలివైనవాడే గానీ ఈ ఏడు కోపం ఎక్కువైంది. క్లాసులో ఒడియా పాఠం చదువుతుంటే యాసను వెక్కిరించాడని పక్క బెంచీ అబ్బాయిని కొట్టాడు. మార్కులూ తగ్గాయి. తండ్రిని తీసుకురమ్మన్నారు టీచరు. ఆయనకు తెలిస్తే బెల్టు తీస్తారని మా తమ్ముణ్ణి పంపాను. మావారు ఫ్యాక్టరీలో పనిమంతులే, షిఫ్ట్ ఇన్‌ఛార్జితో మాటామాటా పెరిగి రెండుసార్లు ప్రమోషన్ పోగొట్టుకున్నారు. విజయనగరంలో ఆదివారాలు భావోద్వేగ ప్రజ్ఞ క్లాసులు చెబుతున్నారట, ఫీజు తొమ్మిది వేలు. చేర్పించమంటారా?

జవాబు: వద్దమ్మా. ఆ తొమ్మిది వేలు దాచుకోండి.

ఆ విద్య పనికిరాదని కాదు. పీటర్ సాలోవే, జాన్ మేయర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో దీన్ని నిర్వచించినప్పుడు చెప్పింది చాలా మామూలు సంగతి: తన మనసులోదీ ఎదుటివాడి మనసులోదీ కనిపెట్టడం, ఆ తెలివితో నడుచుకోవడం. బడుల్లో ఇలాంటివి నేర్పే 213 కార్యక్రమాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2011లో వచ్చింది. పిల్లల నడవడితో పాటు చదువులోనూ 11 పర్సంటైల్ మేర, అంటే వందమంది వరుసలో మధ్యనున్నవాడు పదకొండు మెట్లు పైకెక్కినంత, మెరుగు కనిపించింది. అయితే చదువు బాగుపడింది రోజూ ఆ పిల్లల మధ్య ఉండే బడివాళ్లే నేర్పిన చోట. ఆదివారం రైలెక్కి వెళ్లి ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర వింటే సోమవారం పక్క బెంచీవాడు నవ్వినప్పుడు అదేమీ గుర్తుండదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. "మా తమ్ముణ్ణి పంపాను" అన్నారు. మేనమామ పెళ్లిలో బుట్ట మోయవచ్చు, పుట్టువెంట్రుకలు తీయించవచ్చు. తండ్రి బతికుండగా తండ్రి పేరున బడికి వెళ్లకూడదు. మీవాడికి కోపం రావడం ఒక ఇబ్బంది, అంతే. అసలు తగువు మీ భార్యాభర్తల మధ్య ఉంది. కొడుకు మాట భర్తకు, భర్త మాట కొడుక్కు మీరే మోస్తూ, మోసేటప్పుడు సగం దాస్తున్నారు. దాంతో పిల్లాడు నేర్చుకున్నది ఒకటే: తప్పు చేస్తే అమ్మ కప్పేస్తుంది, నాన్న అంటే భయపడి తప్పుకోవలసిన మనిషి.

ముందు బెల్టు సంగతి. దెబ్బలకు వాతలు తేలడం, తాగి కొట్టడం, మీ మీద కూడా చెయ్యి చేసుకోవడం ఉంటే కింద రాసినవేవీ చేయకండి. పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేసి పిల్లాడి రక్షణ గురించి మాట్లాడండి. అంత లేదు, కోపంలో అరిచి చెయ్యెత్తే మనిషే అంటే చదవండి.

నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన ఉదయం ఈ మాట ఎత్తొద్దు. నిద్రలేని మనిషికి ఏ మాటైనా నిందలాగే వినిపిస్తుంది. వారాంతపు సెలవు రోజు, భోజనాలయ్యాక, టీవీ కట్టేసి, ముందు మీరొక్కరే చెప్పండి: "నీ దగ్గర ఒక విషయం దాచాను. చెయ్యెత్తనంటేనే చెబుతాను." ఆయన రెచ్చిపోతే వాదించకండి. లేచి వెళ్లిపోండి. ఒళ్లు కుదుటపడడానికి కనీసం 20 నిమిషాలు పడుతుంది, అంతకుముందు మళ్లీ మొదలెడితే గొడవ రెట్టింపవుతుంది. మాటిచ్చి చెయ్యెత్తితే మధ్యలో నిలబడి, ఆ రోజుకు ఇక చాలనండి. భర్తను గౌరవించడమంటే కొడుకు తన్నులు తింటుంటే తలవంచుకు నిలబడడం కాదు.

తర్వాత పిల్లాణ్ణి కూర్చోబెట్టండి. వాడి మాట వాడే చెప్పాలి, మీరు అందించకండి. "ఎందుకు కొట్టావు" అని తండ్రి అడిగితే సాకులే వస్తాయి. కొట్టడానికి ముందు ఆ అబ్బాయి ఏమన్నాడు, నీకు ఒంట్లో ఏమైంది అని అడగమనండి. దవడ బిగిసింది, చెవులు వేడెక్కాయి అంటాడు. నాకు తోచినంతలో అది కోపం కన్నా పదిమందిలో పడ్డ అవమానం. ఆ పేరు వాడి నోటే రావాలి. అవమానమని తెలిస్తే దానికి చేసే పని వేరు.

ఇక్కడే మీవారు పనికొస్తారు. పోయిన ఆ రెండు ప్రమోషన్ల కథ, ఇన్‌ఛార్జి ఏమన్నాడు, తానేమన్నారు, నెలకు ఎంత జీతం తగ్గింది, ఆయన నోటే కొడుక్కు చెప్పించండి. విజయనగరంలో ఏ మాస్టారూ ఇంతకన్నా సూటిగా చెప్పలేడు. ఆయన చెప్పనంటే బలవంతం చేయకండి, వారం ఆగి మళ్లీ అడగండి.

బడికి ఈసారి తండ్రీకొడుకులే వెళ్లాలి. టీచరుతో రెండు మాట్లాడుకోవాలి. చెవులు వేడెక్కగానే వీడు చెయ్యెత్తి చూపిస్తే, కారణం అడగకుండా నీళ్లు తాగి రానివ్వాలి. వెక్కిరించినవాణ్ణీ పిలిచి మందలించాలి. కొట్టినందుకు మీవాడు ఆ అబ్బాయికి సారీ చెప్పాలి, దానికి "కానీ" తగిలించకూడదు. మళ్లీ వెక్కిరిస్తే అనవలసిన మాట ఒక్కటి ఇంట్లోనే బిగ్గరగా పదిసార్లు అనిపించండి. దాన్ని ఒడియాలోనే అనిపించండి. తగువు ఒడియాలో జరిగితే తెలుగులో వల్లించిన మాట ఆ క్షణాన నోటికి రాదు.

పిల్లాడికి రెండు వారాలకు పైగా నిద్ర, తిండి తగ్గి ఎవరితోనూ కలవకుండా ఉంటే ఇది కోపం వరకే ఆగలేదని అర్థం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు, 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

మీ తమ్ముడితో మాత్రం ఈ రోజే చెప్పండి, బడినుంచి పిలుపొస్తే బావగారికే చెప్పమని.