బాపు చేతికి చిరుతలు ఇచ్చే ముందు

బిడ్డా,

బాపుకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి లేస్తలేదు, మాట వస్తలేదు, కానీ భజన మొదలువెడితే చరణం మొత్తం పాడుతున్నడని రాసినవు. మాట తిరిగొచ్చిందని ఇంట్ల అందరు సంబురపడ్డరంట. సంబురం మంచిదే గని అక్కడనే ఆగితే నెలలు పోతయి. చాలా మందికి మాట పుట్టే జాగ మెదడు ఎడమ పక్కన ఉంటది. పాటకు రెండు పక్కలూ పనిచేస్తయి. అందుకే ఎడమ పక్క దెబ్బతిన్నా పాట మిగులుతది. అయితే ఏండ్లకేండ్లు పాడిన పాట గొలుసు లెక్క వస్తది. అందులకెల్లి 'నీళ్లు' అన్న ఒక్క మాటను తెంపుకొని దాహమైనప్పుడు వాడుకోలేడు. పాటను ఒక పనికి కట్టాలె, అప్పుడే లాభం.

ముందు కూసునే తీరు చూడు. మంచం మీద ఒరిగి ఉంటే పాట వింటడు తప్ప పని చెయ్యడు. చేతులున్న కుర్చీల కూసోబెట్టి పాదాలు రెండూ నేలకు ఆనేటట్టు చెయ్యి. ఆనకుంటే కింద పీట వెయ్యి. కుడి చెయ్యి ఎన్నడూ వేలాడొద్దు, ముంగట టేబుల్ మీద దిండు పెట్టి దాని మీద ఆనించు. లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి గుంజొద్దు, చంకల చేతులు పెట్టి ఎత్తొద్దు. పట్టు తప్పిన భుజం కీలు జారి నొప్పి మొదలైతే ఆ చేతిని ఎవరినీ తాకనియ్యడు. ఇంక ఏ పనీ ముంగటికి పోదు.

టీవీ బంద్ చెయ్యి. ఒక్కసారికి 15 నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చాలు. పక్షవాతం తర్వాత వచ్చే అలసట మామూలు అలసట కాదు, ఫిజియోథెరపీ అయినంక వెంటనే కూసోబెడితే కండ్లు మూతలు పడతయి. అది మొండితనం అనుకోకు.

ఇగ మాట సంగతి. 1973లో అమెరికాల ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనే ముగ్గురు మాటను రాగం తీసి పలికిచ్చే ఒక పద్ధతి రాసిన్రు, దాన్ని మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అంటరు. ఇంట్ల ఇట్ల చెయ్యొచ్చు. నీ పెదవులు కనపడేటట్టు ఎదురుంగ కూసో. బాపు ఎడమ చెయ్యి నీ చేతిలకు తీసుకో. మొదటి మాట చిన్నగ, రోజూ పనికొచ్చేదై ఉండాలె: 'నీళ్లియ్యి'. 'నీ' అన్నప్పుడు గొంతు కొంచెం పైకి, 'ళ్లి', 'య్యి' కిందికి. రెండు స్వరాలే, అంతకంటె రాగం వద్దు. ఒక్కో అక్షరానికి ఆయన చేతితోని టేబుల్ మీద ఒక దెబ్బ. ముందు పెదవులు మూసి రాగం ఒక్కటే రెండుసార్లు తియ్యి. తర్వాత మాటతోని నువ్వు పాడు, ఆయన వినాలె. తర్వాత ఇద్దరు కలిసి నాలుగైదు సార్లు. కలిసి పాడుతుండగనే సగంల నీ గొంతు ఆపు, చేతి దెబ్బ ఆపకు. ఆయన ఒక్కడే పూర్తి చేస్తే 'ఏం గావాలె?' అని అడిగి మనసుల ఆరు లెక్కపెట్టు. ఆ ఆరు లెక్కల మౌనమే కష్టం. ఇంట్ల వాళ్లు ఆగలేక 'నీళ్లా?' అని అందిస్తరు, ఆయన తలూపుతడు, మాట లోపలనే ఉంటది.

'నీళ్లియ్యి' అన్నంక నిజంగనే నీళ్లియ్యి. మింగేటప్పుడు దగ్గు వస్తుంటే మటుకు స్పీచ్ థెరపిస్టు చెప్పిన తీరుగనే ఇయ్యాలె. వారానికి రెండు మూడు మాటలు చాలు: 'బువ్వ పెట్టు', 'లేపు', 'నొస్తుంది'. వచ్చిన మాటకు రాగం మెల్లమెల్లగ తగ్గించి మామూలు మాట లెక్క చేసుకుంట పో. ఈ మాటలను తెలిసిన భజన రాగంల పెట్టొద్దు. పెడితే నోట్లకు ఆ భజన మాటలే ఉరికొస్తయి.

నోరు అస్సలు తెరవని రోజు ఉంటే బతుకమ్మ పాట ఎత్తుకో. ప్రతి వరుస చివర 'ఉయ్యాలో' వస్తది కదా, వరుస నువ్వు పాడి ఆ ఒక్క మాట ఆయనకు ఇడిచిపెట్టు. సరిగ్గ ఆడికి రాంగనే నోరు దానంతటదే తెరుచుకుంటది.

ఊరికె వినుడు వేరే. ఫిన్లాండ్‌లోని హెల్సింకిల చేసి 2008లో ప్రచురించిన పరిశోధనల, పక్షవాతం వచ్చిన కొత్తల రెండు నెలలపాటు రోజుకు కనీసం ఒక గంట తమకు నచ్చిన పాటలు విన్నవాళ్లకు మాటల జ్ఞాపకం, ధ్యాస మిగతావాళ్ల కంటె మంచిగ కోలుకున్నయి. 'తమకు నచ్చిన' అన్నదే అసలు సంగతి. నీకు శాంతంగ అనిపించే వీణ పెట్టకు. రెండు పాటలు జరంత జరంత వినిపియ్యి, ఏది గావాల్నో వేలితో చూపియ్యమను. పొద్దంతా మోగనియ్యకు, చెవి దాన్ని పట్టించుకోదు. పాట వినుకుంట ఏడిస్తే బెదరకు. మెదడుకు దెబ్బ తగిలినంక ఏడుపు, నవ్వు పట్టు తప్పి వస్తయి. కొంచెంసేపు ఆపి వేరే పాట పెట్టు. పాట లేకున్నా రెండు వారాలు దిగులుగ ఉండి, తిండి, నిద్ర పోతే డాక్టర్‌కు చెప్పు. దానికి మందులున్నయి.

నడకకు పాట వద్దు, దెబ్బ గావాలె. థెరపిస్టు నడిపియ్యొచ్చు అన్నంకనే ఇది. ఒక నిమిషంల ఎన్ని అడుగులు వేస్తుండో లెక్కపెట్టు. 50 అనుకో, ఫోన్‌ల మెట్రోనోమ్ యాప్‌ను (టిక్ టిక్ అని సమానంగ దెబ్బ కొట్టేది) 50 మీద పెట్టు, దెబ్బకొక అడుగు. మూడు నాలుగు రోజులు తడబడకుండ నడిస్తే 52 చెయ్యి, అంతకంటె ఎక్కువ ఒకేసారి పెంచొద్దు. ఉషారుగ ఉంటదని దప్పు పాట పెడితే మంచి కాలు ఉరుకుతది, కుడి కాలు ఈడ్సుకపోతది, మోకాలు వెనుకకు కొట్టుకుంటది. నువ్వు కుడి పక్కన అర అడుగు వెనుక ఉండి నడుముకు కట్టిన బెల్టు పట్టుకో. మలిగేటప్పుడు దెబ్బ ఆపు. ఇంటి వసారాల కుదిరినంకనే భద్రకాళి చెరువు కట్ట మీదికి.

భజనల వాయించే చిరుతలు ఎడమ చేతికిస్తే సంతోషమే గని కుడి చెయ్యి సోమరి అయితది. కుడి వేళ్లు జర కదులుతుంటే ముంగట ఒక స్టీలు గిన్నె, ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించు. ఒకటి దగ్గర, ఒకటి జానెడు దూరం. నీ పాట తాళానికి ఒకసారి దీని మీద, ఒకసారి దాని మీద అరచెయ్యి తెరిచి కొట్టాలె. చెయ్యి సరిగ్గ పడ్డదా లేదా అన్నది చప్పుడే చెప్తది. చేతికి మారుగా భుజం ఎత్తి కొడితే గిన్నెలు దగ్గరికి జరుపు. పిడికిలి బిగుసుకుంటున్న చేతికి బంతి ఇచ్చి పిసుకమని చుట్టాలు చెప్తరు. అది ఆ బిగువునే పెంచొచ్చు, థెరపిస్టును అడగకుండ ఇయ్యకు.

ఆటలల్ల అష్టాచెమ్మ మంచిది. గవ్వలు ఎడమ చేత్తో ఎయ్యనియ్యి, కాయ మటుకు కుడి చేత్తోనే జరపాలె. కాయలు చిన్నగుంటే పట్టు దొరకదు, సీసా మూతలు పెట్టు. గడులు లెక్కపెట్టుకుంట జరుపుడు నోటికీ పనే. ఆయనను గెలిపియ్యనీకి కావాలని ఓడిపోకు, ఆయనకు తెలిసిపోతది.

బతుకమ్మ నాడు వంటింట్లకు దూరం పెట్టకు. గునుగు కట్టను టేబుల్ మీద పరిస్తే కాడలు సమానంగ సదురుడు, తంగేడు రెబ్బలు ఏరుడు ఆయన పని. తాంబాలంల గుమ్మడాకులు పరిచినంక అంచు మీద ఒక్కొక్క పువ్వు కుడి చేతితోని పెట్టమను. నువ్వు మోచేతి కింద చెయ్యి ఆనించు చాలు, వేళ్లు పట్టి పెట్టియ్యకు. పసుపు గౌరమ్మను చేసుడు మరీ మంచిది: తడి పసుపు ముద్ద రెండు అరచేతుల నడుమ ఒత్తుతుంటే బిగుసుకున్న చెయ్యి తెరుచుకోవచ్చు.

పక్కింటి పెద్దమనిషికి ఎడమ పక్క పడిపోయిందని రాసినవు కదా. వాళ్లింట్లకు ఈ వరుస అట్లనే చెప్పకు. అట్లాంటి వాళ్లు కొందరు ఎడమ దిక్కు ఉన్నదాన్నే గమనించరు, పళ్లెంల ఎడమ సగం అన్నం మిగిలిపోతది. వాళ్లకు పువ్వులు, గిన్నెలు, పాట వచ్చే ఫోన్ కొంచెం కొంచెంగ ఎడమకు జరపాలె.

మళ్ల మూతి వంకర పోయినా, మాట ఇంకింత ముద్దబడ్డా, ఇంకో కాలో చెయ్యో పట్టు తప్పినా పాట, ఆట అన్నీ ఇడిచిపెట్టి 108కు ఫోన్ చెయ్యి. మెదడుల రక్తం గడ్డ కరిగించే సూది మామూలుగ ఇవి మొదలైన నాలుగున్నర గంటల లోపలనే ఇస్తరు, మొదలైన టైం రాసిపెట్టుకో.

రేపటి నుంచి 'నీళ్లియ్యి' ఒక్కటే మొదలుపెట్టు. వారమైనంక ఏ అక్షరం దగ్గర ఆగుతుండో రాయి.

నీ పెద్దమ్మ