టిజువానా రేస్‌కోర్సు గురించి రాయబోయే శైలూకి

చిరంజీవి శైలూకి,

నీ మెసేజ్ చూశాను. మెక్సికోలో, అమెరికా సరిహద్దు పక్కనే ఉన్న టిజువానా ఊరి రేస్‌కోర్సు మీద వ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలి పెదనాన్నా అని అడిగావు. గుర్రాల దగ్గర మాత్రం మొదలుపెట్టకు. మన మలక్‌పేట రేసుల వెనక నిజాం ముచ్చట ఉంది. టిజువానా రేసుల వెనక ఉన్నది పక్క దేశపు చట్టం. 1909లో కాలిఫోర్నియా రేసుల మీద డబ్బు కాయడాన్ని నిషేధించింది. కాయడానికి వీల్లేని రేసుకి జనం ఎందుకొస్తారు? ఆ జనం కోసమే జేమ్స్ కాఫ్రాత్ అనే బాక్సింగ్ ప్రమోటర్ 1916 జనవరి 1న సరిహద్దు గీత దాటి అవతల టిజువానాలో ట్రాక్ తెరిచాడు. ఆ నెల తిరక్కుండానే వరదలో కొట్టుకుపోతే మళ్లీ కట్టాడు. 1920లో అమెరికాలో మద్యం కూడా బంద్ అయ్యేసరికి అతని పంట పండింది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు నువ్వు చెయ్యకు. కాఫ్రాత్ ట్రాక్ వేరు, ఆగ్వా కాలియెంటే ట్రాక్ వేరు. మొదటిది సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉండేది. రెండోది ఊళ్లోకి చాలా లోపలికి వెళ్తే వస్తుంది, 1929 డిసెంబర్ 28న తెరిచారు. ఒకప్పుడు నేను ఈ రెండూ ఒకటే అనుకుని ఒక సంఘం సావనీర్‌లో దర్జాగా రాసేశాను. ఒక పెద్దాయన ఫోన్ చేసి నిదానంగా, మర్యాదగా పరువు తీశాడు.

ఫార్ లాప్ గురించి ఎలాగూ రాస్తావు. థాయ్ భాషలో ఆ పేరుకి మెరుపు అని అర్థం. న్యూజీలాండ్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పేరు తెచ్చుకున్న గుర్రం. 1932 మార్చి 20న ఆగ్వా కాలియెంటేలో, డెక్క చీలి ఉండగా, 129 పౌండ్ల బరువు మోస్తూ మైలుంబావు దూరాన్ని 2 నిమిషాల 2.8 సెకన్లలో పరిగెత్తి ట్రాక్ రికార్డు కొట్టింది. పదహారు రోజులకే కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో చనిపోయింది. దాని గుండె కాన్‌బెర్రాలో, చర్మం మెల్‌బోర్న్‌లో, ఎముకలు వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. విషం పెట్టి చంపారని తేల్చి రాయకు. ఆర్సెనిక్ ఆనవాళ్లు దొరికిన మాట నిజమే, కానీ అది ఎవరైనా కావాలని పెట్టిందా, ఆ రోజుల్లో గుర్రాలకి పట్టే టానిక్కుల్లోంచి వచ్చిందా అన్న వాదన తెగలేదు.

తర్వాత మళ్లీ చట్టాల దగ్గరికే రా. 1933లో కాలిఫోర్నియా పందేలకి తలుపు తీసింది. మరుసటి ఏడు క్రిస్మస్ నాడు లాస్ ఏంజిలిస్ పక్కన శాంటా అనీటా రేస్‌కోర్సు మొదలైంది. మద్యం మీద నిషేధం అప్పటికే పోయింది. ఇక అమెరికా వాడు గీత దాటాల్సిన అవసరం ఏముంది? పైగా 1935లో మెక్సికో అధ్యక్షుడు లాసారో కార్దెనాస్ జూదం బంద్ చేశాడు, ఆగ్వా కాలియెంటే ట్రాక్ పక్కనున్న కాసినో మూతపడింది. ట్రాక్ మాత్రం మొండిది. 1938లో సీబిస్కెట్ అనే అమెరికా గుర్రం వచ్చి గెలిచింది. 1971లో స్టాండ్ తగలబడితే మళ్లీ కట్టారు. గుర్రాలు 1992లో ఆగిపోయాయి, గ్రేహౌండ్ కుక్కల పరుగులు 2024 దాకా సాగాయి. ఈ చివరి భాగం నాలుగు లైన్లలో తేల్చెయ్యి.

వెళ్లి చూడాలనుకుంటే రేస్‌కోర్సు ఆవరణలో ఇప్పుడు ఫుట్‌బాల్ స్టేడియం ఉంటుంది, అది చూసి నీరసపడకు. కాసినో ఉన్న చోటికి వెళ్లు. అక్కడ ఇప్పుడు స్కూల్ నడుస్తోంది. దానికి పెట్టిన పేరు ఎవరిదో తెలుసా? ఆ కాసినో మూయించిన కార్దెనాస్‌దే! ఆవరణలో పాత మినార్ ఒకటి మిగిలింది. హైదరాబాద్ పిల్లవి కదా, చూడగానే నవ్వొస్తుంది.

పాస్‌పోర్టు, వీసా ఒరిజినల్స్ దగ్గర పెట్టుకో, ఫోన్లో ఫోటోలు పనికిరావు. వెళ్లేటప్పుడు ఇట్టే దాటేస్తావు, తిరిగొచ్చేటప్పుడే ఉంటుంది అసలు క్యూ. అందులో నిలబడ్డప్పుడు నోట్సు రాసుకో, బోలెడంత టైం దొరుకుతుంది.

మీ పెదనాన్న