ముందు ఎవరు పోయారు: యువ రచయితకు లేఖ

చెల్లెకు,

నీ నవల మొదటి ఐదు అధ్యాయాలు చదివాను. నల్లగొండ పక్కన పాత బంగ్లా, బత్తాయి తోట, పెద్దాయన, ఇద్దరు కొడుకులు, ఇద్దరు ఆడబిడ్డలు, ఏడాది తిరక్కుండా రెండు చావులు. ఆ ఇంటి మనుషుల మాటతీరు, పంతాలు నీకు బాగా పట్టుబడ్డాయి. చావులు మాత్రం ఇంకా కథకు అతకలేదు. పెద్దాయన చనిపోతాడు, ఆస్తి కోసమే చంపారని ఊరు అంటుంది, నువ్వూ అదే అంటావు. ఆ చావుతో ఎవరి వాటా ఎన్ని గుంటలు పెరిగింది, ఎవరిది ఎంత తగ్గింది అన్నది ఐదు అధ్యాయాల్లో ఎక్కడా లేదు. ఆ లెక్క లేకపోతే పాఠకుడు ఎవరిని అనుమానించాలి?

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. తండ్రి తన సంపాదనతో కొన్న తోట 12 ఎకరాలు. వీలునామా రాయలేదు. భార్య ఉంది. ఒక కొడుకు, ఒక కూతురు. కొడుక్కు పెళ్లయింది, పిల్లల్లేరు. తండ్రీకొడుకులు హైదరాబాద్ నుంచి వస్తుంటే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటాక కారు లారీని గుద్దింది. ఇద్దరూ పోయారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి ముందు పోయి ఉంటే తోట మూడు వాటాలవుతుంది: భార్యకు 4, కొడుక్కు 4, కూతురికి 4. ఆ తర్వాత కాసేపటికి కొడుకు పోయాడు గనుక అతని 4 ఎకరాలు అతని తల్లికీ భార్యకూ చెరి సగం. మొత్తం మీద తల్లికి 6, కూతురికి 4, కోడలికి 2. అదే కొడుకు ముందు పోయి ఉంటే? కోడలు మొగుడి స్థానంలో నిలబడి మామ ఆస్తిలో నేరుగా 4 ఎకరాలు తీసుకుంటుంది. ముగ్గురు ఆడవాళ్లకూ తలా 4.

పది నిమిషాలు అటూ ఇటూ అయితే కోడలికి రెండెకరాల తేడా. ఎవరు ముందో తేలకపోతే, చిన్నవాడే తర్వాత పోయాడని అనుకోవాలంటుంది ఆ చట్టంలోని 21వ సెక్షన్. అంటే కోడలికే నష్టం. ఆ అనుకోలును తోసెయ్యాలంటే ఆమెకు సాక్ష్యం కావాలి. 108 అంబులెన్స్ సిబ్బంది రాసుకున్న సమయాలు, ఆస్పత్రి క్యాజువాలిటీ రిజిస్టరు, లేదంటే "పెద్దాయన అప్పటిదాంక మూలుగుతనే ఉండె, కొడుకే ముందు పాయె" అని చెప్పగల లారీ క్లీనరు. ఆ క్లీనరు కోసం ఏ రెండు కుటుంబాల మనుషులు వెతుకుతారో, ఎవరు ముందు దొరకబుచ్చుకుంటారో చూడు. హత్య లేకుండానే మూడు అధ్యాయాల ఉత్కంఠ అక్కడుంది.

తాతల నాటి భూమి అయితే లెక్క మారుతుంది. అక్కడ ఆడబిడ్డల పెళ్లి ఏళ్లు రాసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు, ఆ రాష్ట్రం వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణతో, పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు వచ్చింది. 1983లో పెళ్లైన అక్కకు అప్పుడు రాలేదు, 1987లో పెళ్లైన చెల్లెలికి వచ్చింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవను సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది, అక్కర్లేదంది. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాన్ని కదిలించడానికి లేదు. అందుకే అన్నదమ్ములు "మేము 98లనే పెద్దమనుషుల్ల పంచుకున్నం" అని తెల్లకాగితం తీస్తారు. ఒట్టి నోటిమాట పంపకాన్ని కోర్టు సులువుగా నమ్మదు. నీ పెద్దకొడుకు ఆ కాగితాన్ని బీరువాలోంచి తీసే సన్నివేశం ఇప్పుడు బెదిరింపులా ఉంది. భయంతో తీసినట్టు రాయి, ఎందుకంటే అది నిలవదని అతని లాయరు అప్పటికే చెప్పి ఉంటాడు.

చావుకు కారణం వెతికేటప్పుడు, ఆ మనిషి బతికి ఉంటే మర్నాడు ఏం జరిగేదో చూడు. వీలునామా రాసినాయన బతికున్నన్నాళ్లూ దాన్ని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ప్రాణం పోతేనే అది గట్టిపడుతుంది. పెద్దాయన చిన్నకూతురి పేర గిఫ్ట్ డీడ్ కోసం తాసిల్దార్ ఆఫీసులో గురువారానికి స్లాట్ బుక్ చేసుకుని బుధవారం రాత్రి చనిపోతే, పాఠకుడికి నువ్వేమీ చెప్పనక్కర్లేదు. స్లాట్ సంగతి ఇంట్లో ఎవరెవరికి తెలుసు అన్నదే కథ.

ఆ వారసత్వ చట్టంలోని 25వ సెక్షన్ కూడా గుర్తుంచుకో. చంపినవాడికి, చంపించినవాడికి చచ్చినవాడి ఆస్తి రాదు. అతని భార్య అతని ద్వారా ఆ వాటా అడగడానికి కూడా వీల్లేదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. అప్పుడు అన్న మీద హత్యానేరం పడితే తమ్ముడి వాటా పెరుగుతుంది. ఒక చావు నుంచి ఒకడు లాభపడితే, ఆ చావు నేరం అంటగట్టడం నుంచి ఇంకొకడు లాభపడతాడు. నీ చిన్నకొడుకు పోలీస్ స్టేషన్‌కు అంత తొందరగా ఎందుకు పోయాడో ఈ సెక్షన్ చదివితే నీకే తోస్తుంది.

ఇక శవం సంగతి. నీ రెండో అధ్యాయంలో డాక్టరు సాయంత్రానికల్లా విషం పేరు చెప్పేస్తాడు. అలా జరగదు. మొదట ఎవరో ఒకరు పోలీసులకు సమాచారం ఇవ్వాలి. నేర విచారణ పద్ధతి చట్టం కింద అనుమానాస్పద మృతిగా నమోదవుతుంది: కథ 2024 జూలై 1 తర్వాతిదైతే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194, అంతకుముందుదైతే పాత చట్టం సీఆర్‌పీసీ 174. ఊళ్లో కనీసం ఇద్దరు పంచుల, అంటే సాక్షుల, ముందు శవపంచనామా రాస్తారు: ఒంటిమీద గాయాలు, బట్టలు, మెడలో పసుపుతాడు, కాళ్లకు మెట్టెలు. పంచనామా చావు ఎలా వచ్చినట్టు కనబడుతోందో మాత్రమే చెప్తుంది, చంపిందెవరో చెప్పదు. ఆ పంచులు ఎవరు? ఆ ఇంటి జీతగాడి కొడుకు, ఆ ఇంటి అప్పు తిన్న కిరాణాకొట్టాయన అయితే వాళ్ల సంతకాల కింద ఎంత బరువుందో ఊహించు.

పోస్టుమార్టంలో విషం అనుమానం ఉంటే విసెరా, అంటే పరీక్షకు లోపలి అవయవాల ముక్కలు, తీస్తారు. కడుపు సంచి, లోపలున్నదానితో సహా, చిన్నపేగు ముందుభాగం సుమారు 30 సెంటీమీటర్లతో కలిపి ఒక సీసాలో. కాలేయం సుమారు అర కిలో, రెండు మూత్రపిండాల్లో సగం సగం ఇంకో సీసాలో. రెండింటిలో పోసేది ఉప్పు ఇక కరగనంత చిక్కటి ఉప్పునీరు. ఫార్మలిన్ పొయ్యరు, విషం పరీక్షకు అది అడ్డొస్తుంది. సీసాను మూడింట రెండొంతులకు మించి నింపరు, లోపల గాలి పుట్టి మూత ఎగురుతుంది. నెత్తురు విడిగా, సోడియం ఫ్లోరైడ్ కలిపి. వాడిన ఉప్పునీటి నమూనా కూడా వేరే సీసాలో వెళ్తుంది, విషం ఆ నీళ్లలోదేనని రేపు ఎవరూ అనకుండా. లక్క సీలు వేసి, కానిస్టేబుల్ చేతికిచ్చి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. అప్పటిదాకా డాక్టరు రాసేది ఒక్కటే: రసాయన పరీక్ష నివేదిక వచ్చాక తుది అభిప్రాయం. ఆ నివేదికకు వారాలు, ఒక్కోసారి నెలలు. ఈ ఖాళీలోనే దినాలు అవుతాయి, విరాసత్ (పోయినవాడి భూమిని వారసుల పేర మార్చడం) దరఖాస్తులు పడతాయి, సాక్షులు మెత్తబడతారు. నువ్వు ఈ ఖాళీని ఒక్క వాక్యంలో దాటేశావు. నవల నడుము అదే.

చనిపోయిన వేళ విషయంలో నిమిషాలు చెప్పించకు. మన ఎండాకాలంలో ఒళ్లు బిగుసుకోవడం గంట, రెండు గంటల్లో మొదలై, ఒకటిన్నర రోజులోపే వదులుతుంది. ఇప్పుడు పల్లెల్లో కూడా ఫ్రీజర్ బాక్స్ అద్దెకు తెస్తున్నారు. అందులో పెట్టాక ఆ లెక్కలన్నీ తప్పుతాయి. బాక్స్ ఎప్పుడు వచ్చింది, ఎవరు ఫోన్ చేసి తెప్పించారు అన్నవి నీ ఎస్సై తప్పక అడగాల్సినవి. నెత్తురు కిందివైపుకు దిగి మరకలు కడుతుంది, ఆరు గంటలు దాటాక అవి క్రమంగా కదలకుండా స్థిరపడతాయి. వెల్లకిలా పడుకోబెట్టిన మనిషికి ఛాతీ మీద మరకలుంటే అతను బోర్లా చాలాసేపు పడి ఉన్నాడన్నమాట. దాన్ని ముందుగా చూసేది శవానికి స్నానం చేయించినవాళ్లు. వాళ్లను ఎవరూ అడగరు, వాళ్లూ చెప్పరు. నీ నవలలో వాళ్లకు పేర్లు కూడా లేవు, అది నన్ను బాధపెట్టింది.

దహనమైతే దారులు దాదాపు మూసుకుపోతాయి. పూడ్చిపెడితే తాసిల్దార్ సమక్షంలో తవ్వి తీస్తారు, మన చట్టంలో దానికి కాలపరిమితి లేదు. శవం పైనుంచి, పక్కలనుంచి, కిందినుంచి మట్టి నమూనాలు కూడా తీస్తారు, ఎందుకంటే ఆర్సెనిక్‌లాంటిది మట్టిలోంచే చేరిందని వాదించొచ్చు. అయితే పొద్దుగూకకముందే తీసుకెళ్లాలన్న తొందరను నేరానికి గుర్తుగా వాడకు. మే నెల ఎండకు శవం ఆగదు. పరువు ఆగదు. "పెద్దమనిషిని కోతలు కోయిస్తరా" అని ఏడ్చే చెల్లెలు ఏ పాపం ఎరగనిదే కావచ్చు, ఆమె ఏడుపే హంతకుడికి పనికిరావచ్చు. నవలలో అన్నిటికంటే గాఢమైన అనుమానం నిర్దోషుల ప్రవర్తన నుంచే పుడుతుంది.

దొంగ కాగితం పట్టుబడే తీరు నీకు ఇష్టమవుతుందని తెలుసు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాలి, వాళ్లలో కనీసం ఒకరు బతికి ఉంటే కోర్టుకొచ్చి చెప్పాలి. లాభం పొందేవాడే దగ్గరుండి రాయించి ఉంటే అనుమానం తీర్చాల్సిన భారం అతనిదే, రిజిస్టరైనా సరే. పెద్దాయన ఏనాడో ఖాళీ కాగితం మీద పెట్టిన సంతకం చుట్టూ వీలునామా రాస్తే, కింది నాలుగు పంక్తులు సంతకానికి తగలకుండా ఇరుక్కుని ఉంటాయి, పైన మాత్రం పంక్తులు విశాలంగా ఉంటాయి. ఇంకా మంచిది, మన జిల్లాల సంగతి. 2016 అక్టోబర్ 11కు ముందు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలే లేవు. నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరి 17న వచ్చింది. 2012 తేదీ వేసిన వీలునామాలో "సూర్యాపేట జిల్లా" అని ఉంటే అది ఎప్పుడు పుట్టిందో పదో తరగతి పిల్ల కూడా చెప్పగలదు. ఆ పిల్ల నీ కథలో మనవరాలు కావచ్చు.

విరాసత్ రాసేటప్పుడు కథ ఏ ఏడాదిదో చూసుకో. ఊరి భూమి లెక్కలు చూసే పటేల్ పట్వారీల పదవులు 1984లో రద్దయ్యాయి, వీఆర్వోలవి 2020లో. అదే ఏడాది అక్టోబర్ 29న భూమి రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చింది. ఇప్పుడు తాసిల్దార్ వారసులకు నోటీసు ఇచ్చి విచారించాలి. మిర్యాలగూడలో అత్తగారింట ఉన్న పెద్దకూతురి చేతికి ఆ నోటీసు అందడం ఒక సన్నివేశం. అందకుండా ఎవరో సంతకం చేసి తీసుకోవడం ఇంకా పెద్ద సన్నివేశం.

బంగ్లా వెనక కథ కూడా ఉంది. ఒక కుటుంబం ఇంతకు మించి భూమి ఉంచుకోకూడదన్న 1973 భూపరిమితి చట్టం 1975 జనవరి 1 నుంచి అమలయ్యాక చాలా పెద్దిళ్లు మిగులు భూమిని చుట్టాల పేర్ల మీద, జీతగాళ్ల పేర్ల మీద దాచాయి. పట్టాదారు జీతగాడు, పంట దొరది. ఇప్పుడు జీతగాడి మనవడు పాసుపుస్తకం పట్టుకుని నిలబడితే, ఆ భూమి మాదేనని కోర్టులో చెప్పాలంటే దొంగలెక్క ఇచ్చామని ఒప్పుకోవాలి. నోరు విప్పలేని ఇల్లు ఏం చేస్తుంది? నీ రెండో చావు ఇక్కడినుంచి రావాలని నాకనిపిస్తోంది.

ఆడబిడ్డల గురించి ఒక్కటి. పసుపుకుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు, కట్నంగా పోయిన బంగారం చూపించి "నీకియ్యలేదా?" అని హక్కు విడుదల పత్రం మీద సంతకం అడుగుతారు. సంతకం పెట్టకపోతే పుట్టింటి గడప మూసుకుంటుంది, బతుకమ్మకు పిలవరు. నీ చిన్నకూతురు వాటా అడిగినందుకు దురాశాపరురాలిగా కనిపిస్తోంది. ఆమె ఏం పోగొట్టుకుని అడుగుతోందో ఒక్క పేజీ రాయి, చదివేవాడి మనసు మారుతుంది.

అధ్యాయాలు ఇప్పుడే పంపకు. ముందు ఒక పెద్ద కాగితం మీద వంశవృక్షం వేసి పంపు: ప్రతి పేరు పక్కన పుట్టిన ఏడు, పెళ్లి ఏడు, చనిపోయిన తేదీ, వేళ. కింద భూమి, సర్వే నంబర్లవారీగా: ఎంత పిత్రార్జితం, ఎంత స్వార్జితం, ఎవరి పేర పట్టా, ఎవరి చేతిలో సాగు. రెండో చావుకు ముందు వాటాలు ఒక వరసలో, తర్వాత వాటాలు ఇంకో వరసలో వెయ్యి. రెండు వరసలూ ఒకేలా వస్తే ఆ చావును నవలలోంచి తీసెయ్.

ఇట్లు,
అన్న