కర్ణం వెంట మడిస్తే మూలలు ఎందుకు కలవవు?

ప్రశ్న: దీర్ఘచతురస్రాన్ని కర్ణం వెంట కత్తిరిస్తే రెండు సమానమైన త్రిభుజాలు వస్తాయి. అయినా కర్ణం సౌష్ఠవ రేఖ కాదని మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఉంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయాను. సమఘనంలో సౌష్ఠవాన్ని ఎలా చూడాలో కూడా వివరించగలరా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ఒక ఆకారాన్ని రెండు సమాన భాగాలు చేసినంత మాత్రాన ఏ రేఖా సౌష్ఠవ రేఖ కాదు. ఆ రేఖపై అద్దం నిలిపితే ఒక భాగానికి ఏర్పడే ప్రతిబింబం రెండో భాగంతో ఏకీభవించాలి. 8 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు ఉన్న కాగితాన్ని కర్ణం వెంట మడిచి చూడండి. కర్ణం పొడవు 10 సెం.మీ. దానికి ఇరువైపులా ఉన్న మూలలు రెండూ దాని నుంచి 4.8 సెం.మీ. దూరంలోనే ఉంటాయి, కానీ కర్ణం ఒక కొన నుంచి కొలిస్తే ఒక మూల 3.6 సెం.మీ. దగ్గర, మరొకటి 6.4 సెం.మీ. దగ్గర ఉంటుంది. అందుకే మడిచినప్పుడు ఆ మూలలు 2.8 సెం.మీ. ఎడంగా పడతాయి. అదే చతురస్రమైతే రెండూ కర్ణం మధ్యబిందువుకు ఎదురుగా ఉంటాయి కనుక సరిగ్గా కలుస్తాయి.

మరి ఆ రెండు త్రిభుజాలు సమానం ఎలా అయ్యాయి? కాగితాన్ని కేంద్రం చుట్టూ 180 డిగ్రీలు తిప్పితే ఒక త్రిభుజం వచ్చి రెండోదాని స్థానంలో కూర్చుంటుంది. అంటే ఇక్కడ పనిచేసినది రేఖా సౌష్ఠవం కాదు, భ్రమణ సౌష్ఠవం. సాధారణ సమాంతర చతుర్భుజానికి ఒక్క సౌష్ఠవ రేఖ కూడా లేకపోయినా ఈ భ్రమణ సౌష్ఠవం ఉంటుంది. పిల్లలకు సౌష్ఠవమంటే మడతపెట్టడమేనని నేర్పి ఊరుకోవడం వల్లనే ఈ తికమక వస్తోందని నా అభిప్రాయం.

ఘనాకృతులలో రేఖకు బదులు తలం అద్దమవుతుంది. సమఘనానికి ఇటువంటి సౌష్ఠవ తలాలు 9. ఎదురెదురు ముఖాల జతలకు సరిగ్గా నడుమ వెళ్లేవి 3, కేంద్రానికి ఇరువైపులా ఎదురెదురుగా ఉన్న అంచుల జతల గుండా వెళ్లేవి 6.

మీ ప్రశ్నలోని చిక్కు ఇక్కడ మరింత అందంగా మళ్లీ ఎదురవుతుంది. సమఘనాన్ని ఒక శీర్షం మీద నిలబెట్టి, పై శీర్షానికీ కింది శీర్షానికీ సరిగ్గా మధ్యలో అడ్డంగా కోస్తే, కోత ముఖం క్రమ షడ్భుజి అవుతుంది, రెండు ముక్కలూ అన్ని విధాలా సమానంగా ఉంటాయి. అయినా ఆ తలం సౌష్ఠవ తలం కాదు. పై శీర్షం నుంచి దిగే మూడు అంచులకు సరిగ్గా కింద కింది శీర్షపు అంచులు ఉండవు. అవి 60 డిగ్రీలు పక్కకు జరిగి, పైవాటి నడిమి ఖాళీల కింద ఉంటాయి. కనుక అద్దంలోని ప్రతిబింబాన్ని మరో 60 డిగ్రీలు తిప్పితే తప్ప అది కింది ముక్కతో కలవదు.

ఇక భ్రమణాల సంగతి. సమఘనంలోని 6 ముఖాలలో దేనినైనా అడుగున పెట్టవచ్చు, అలా పెట్టాక 4 దిశలలో తిప్పి నిలపవచ్చు. కాబట్టి సమఘనం తన స్థానంలోకే తిరిగి వచ్చే విధాలు మొత్తం 24. దీనిని అక్షాలతోనూ సరిచూడవచ్చు. ముఖకేంద్రాలను కలిపే 3 అక్షాల చుట్టూ 90, 180, 270 డిగ్రీల చొప్పున 9 భ్రమణాలు, శీర్షాలను కలిపే 4 కర్ణాల చుట్టూ 120, 240 డిగ్రీల చొప్పున 8, ఎదురెదురు అంచుల మధ్యబిందువులను కలిపే 6 అక్షాల చుట్టూ 180 డిగ్రీల చొప్పున 6, అసలు కదపకుండా ఉంచడం 1. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వేరువేరుగా ఉన్న దీర్ఘఘనానికి ఇదే లెక్క వేస్తే 4 మాత్రమే మిగులుతాయి. అవి ఏవో ఒక అగ్గిపెట్టె చేతికిచ్చి మీ అమ్మాయినే వెతకమనండి.