ఎనిమిది నెలల ప్రయాణానికి పద్నాలుగు నెలల డబ్బు

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. వయసు 33, పెళ్లి కాలేదు. ఏడేళ్లుగా షార్జాలో ఒక భారతీయ పాఠశాలలో లెక్కల టీచరుగా పనిచేస్తున్నాను. జీతం 6,500 దిర్హాములు, అందులో మూల వేతనం 3,600. వచ్చే మార్చి 31తో ఉద్యోగం మానేసి, వీపున ఒక సంచితో ఒంటరిగా శ్రీలంక, థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం, చివరగా నేపాల్ తిరిగి రావాలని ఉంది. ఎనిమిది నెలలు, ఆరు లక్షల రూపాయలు అనుకున్నాను. గ్రాట్యుటీ 35,750 దిర్హాములు వస్తుంది కాబట్టి దాచుకున్నదేదీ ముట్టుకోనక్కర్లేదని నా లెక్క. ఎన్‌ఆర్‌ఈ (విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఆరేసి లక్షలవి మూడు, మ్యూచువల్ ఫండ్లలో ఆరు లక్షలు, పొదుపు ఖాతాలో మూడు లక్షలు, పన్నెండు సవర్ల బంగారం ఉన్నాయి. ఇల్లు కట్టించిన అప్పులో ఇంకా ఏడు లక్షలు మిగిలింది, నెలకు 14,500 వాయిదా. అమ్మానాన్నలకు నెలకు 20,000 పంపుతాను. నేను తిరిగే రోజుల్లో మామిడి తోట ఆదాయంతో సర్దుకుంటామని నాన్న అంటున్నారు. మళ్లీ ఆయనే, తిరగడానికి పెట్టే డబ్బుతో రేణిగుంట వైపు ప్లాటు కొనమనీ అంటున్నారు. నా లెక్క సరిగ్గా ఉందా?

జవాబు: అమ్మా, లెక్కల టీచరుకు లెక్క తప్పిందని చెప్పాలంటే కాస్త బెరుకుగానే ఉంది. కానీ రెండు చోట్ల తప్పింది. వెళ్లాలా వద్దా అని మీరు నన్ను అడగలేదు, నేనూ ఆ జోలికి పోను. ఏడేళ్లు ఒక చోట నిలబడి పాఠం చెప్పిన మనిషికి ఎనిమిది నెలలు తిరగాలనిపిస్తే అందులో వింత ఏముంది? నా పని డబ్బు సంగతి చూడటం వరకే.

మొదటి తప్పు గ్రాట్యుటీలో ఉంది. మీరు మొత్తం జీతం 6,500 మీద లెక్క వేశారు. ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం గ్రాట్యుటీకి లెక్కకు రావు. యూఏఈ చట్టం ప్రకారం చూసేది మూల వేతనాన్నే. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల వేతనం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజుల వేతనం ఇస్తారు. మీ మూల వేతనం 3,600 కాబట్టి రోజుకు 120 దిర్హాములు. ఐదేళ్లకు 12,600, మిగతా రెండేళ్లకు 7,200, మొత్తం 19,800. దిర్హామ్‌ను 24 రూపాయలుగా వేసుకుంటే 4,75,200 రూపాయలు. మీరు అనుకున్న 35,750 అయితే 8,58,000 అయ్యేది. అంటే కాగితం మీదే 3,82,800 రూపాయలు తగ్గాయి. జీతం లేని సెలవులు ఎప్పుడైనా పెట్టి ఉంటే ఆ రోజులు సర్వీసులోంచి పోతాయి, ఇంకొంచెం తగ్గుతుంది.

ఇందులో ఒక మంచి మాట కూడా ఉంది. రాజీనామా చేస్తే గ్రాట్యుటీలో కోత పడుతుందని మీ స్టాఫ్‌రూములో పాతవాళ్లు ఎవరైనా చెప్పి ఉంటారు. అది పాత చట్టం నాటి మాట. 2022 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న కొత్త చట్టంలో, ఏడాది సర్వీసు నిండినవారు తామే మానుకున్నా పూర్తి గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే. అదీ కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లోపు ఇవ్వాలి.

రెండో తప్పు ఇంకా పెద్దది. దాన్ని మీరొక్కరే కాదు, ఉద్యోగం మాని తిరగాలనుకునే వాళ్లందరూ చేస్తారు. మీరు ఎనిమిది నెలలకు లెక్క వేశారు. నేను పద్నాలుగు నెలలకు వేస్తున్నాను.

ఎందుకంటే మీరు టీచరు. ఏప్రిల్లో బయలుదేరి నవంబరు చివరికో డిసెంబరుకో ఇల్లు చేరతారు. ఆ సమయంలో ఏ బడి మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకుంటుంది? మళ్లీ గల్ఫ్‌కే వెళ్లాలనుకున్నా అక్కడి భారతీయ బడుల్లో కొత్త తరగతులు మొదలయ్యేది ఏప్రిల్లో. మన ఆంధ్రప్రదేశ్‌లో బడులు తెరిచేది జూన్‌లో. మధ్యలో ఎవరైనా మానేస్తే ఆ ఖాళీ దొరకవచ్చు, కానీ దాన్ని నమ్ముకుని లెక్క వేయకూడదు. తిరిగొచ్చాక నాలుగు నుంచి ఆరు నెలలు జీతం లేకుండా గడుస్తాయి. తిరుమలకు నడిచి వెళ్లినవాళ్లకు తెలుసు, అలిపిరి దగ్గర మొదటి మెట్టు ఎవరినీ భయపెట్టదు. 3,550 మెట్లలో మోకాళ్ల పర్వతం వచ్చేది చివర్లో, కాళ్లు అలిసిపోయాక.

నాలుగేళ్ల కిందట తిరుపతిలో నా దగ్గరికి ఒక నర్సు వచ్చారు. ఆవిడా గల్ఫ్‌లో పని మానేసి ఏడు నెలలు ఒంటరిగా తిరిగారు. ముందు ఫోను తీసి మంచు కొండలు, పడవలు, తను తిన్న నూడుల్స్ గిన్నెలు అన్నీ చూపించారు. నేనూ సంబరంగానే చూశాను. తర్వాత చేతి సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టారు. గాంధీ రోడ్డులో రెండు గాజులు అమ్మిన రసీదు అది. తిరిగిన రోజుల్లో ఆవిడకు ఒక్క రూపాయి తక్కువ కాలేదు. వచ్చాక కొత్త ఉద్యోగం దొరికేదాకా ఐదు నెలల వాయిదాలకు ఆ గాజులు వెళ్లాయి. ఆ కాగితం మడతలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక మామిడి తోట సంగతి. నాన్నగారి మాటను తక్కువ చేయడం లేదు, కానీ తోట నెల నెలా డబ్బు ఇవ్వదు. కాపు బాగుంటే జూన్, జూలైల్లో ఒక్కసారి చేతికి వస్తుంది. ధర ఎలా ఉంటుందో 2025లో చిత్తూరు రైతుకు మళ్లీ కొత్తగా చెప్పాల్సిన పని లేకుండా పోయింది. తోతాపురి అడిగే నాథుడు లేక, గుజ్జు పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు గిట్టేలా చూస్తామని ప్రకటించాల్సి వచ్చింది. కాయ నింపుకున్న ట్రాక్టర్లు ఫ్యాక్టరీల ముందు బారులు తీరడం మీ ఇంట్లోవాళ్లు కళ్లారా చూసే ఉంటారు. కాబట్టి తోట డబ్బు వస్తే పండగ అనుకోండి. మీరు పంపే 20,000 మాత్రం ఆగకూడదు.

ఇప్పుడు మొత్తం కూడదాం. వాయిదా 14,500, ఇంటికి 20,000 కలిపి నెలకు 34,500. పద్నాలుగు నెలలకు 4,83,000. తిరిగొచ్చాక ఇంట్లోనే ఉంటారు కాబట్టి మీ సొంత ఖర్చుకు నెలకు 15,000 చొప్పున ఆరు నెలలకు 90,000. ప్రయాణానికి మీరన్న ఆరు లక్షలు. అంటే రోజుకు 2,500 రూపాయలు. మీరు ఎంచుకున్న దేశాల్లో హాస్టల్ పడకల్లో పడుకుని, బస్సుల్లో తిరిగి, వీధి బండ్ల దగ్గర తినేవారికి సరిపోతుందనే నా అంచనా. అయితే అందులోంచే విమానాలు, వీసాలు కూడా అంటే చెయ్యి బిగించాల్సి వస్తుంది. దానికి పైన ఒక లక్ష విడిగా పెట్టండి. ఇంట్లో ఎవరికైనా బాగా లేదని ఫోను వస్తే హనోయ్ నుంచి చెన్నైకి ఆ పూటే టికెట్ కొనడానికి అది. మొత్తం 12,73,000.

గ్రాట్యుటీ 4,75,200, పొదుపు ఖాతాలో మూడు లక్షలు కలిపితే 7,75,200. ఇంకా 4,97,800 కావాలి. దాచిందేదీ ముట్టుకోకుండా వెళ్లడం కుదరదు, ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ పోతుంది. ఒక్కటే పోతుంది, అదీ గమనించండి. మూడింటిలో ఏది ముందు గడువు తీరుతుందో చూసి దాన్ని మళ్లీ వేయకుండా వదిలేయండి. మిగతా రెండింటినీ కదపవద్దు. ముఖ్యంగా ఏడాది నిండని ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌ను మధ్యలో తీస్తే వడ్డీ పైసా కూడా రాదు. ఫండ్లలో నెల నెలా కడుతున్నది ఏదైనా ఉంటే ఈ పద్నాలుగు నెలలు ఆపేయండి, ఉన్నది అలాగే ఉండనివ్వండి. బంగారాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. మీరూ తీసుకోవద్దు. అది మీ అమ్మగారి మనశ్శాంతి. ఈ ఎనిమిది నెలలూ ఆవిడకు అది కావాలి.

డిపాజిట్లు తీసి అప్పు కట్టేస్తే వాయిదా పోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. జీతం వస్తున్న రోజుల్లో అయితే నేనే కట్టేయమనేవాణ్ని. జీతం లేని ఏడాదిలో చేతిలో ఉన్న నగదే ఊపిరి. అప్పు తీర్చాక బ్యాంకు దాన్ని అడగ్గానే వెనక్కి ఇవ్వదు.

ప్లాటు గురించి నాన్నగారిని ఒక్క ప్రశ్న అడగండి: అవసరం పడితే మూడు నెలల్లో అమ్మి డబ్బు చేతిలో పెట్టగలరా? రేణిగుంట వైపు కొన్నవాళ్లు చాలామంది ఉన్నారు, త్వరగా అమ్ముకోగలిగినవాళ్లు నాకు తక్కువే కనిపించారు. ఉద్యోగంలో చేరాక ఆ మాట మళ్లీ ఎత్తవచ్చు.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు భయపెడతారు కాబట్టి చెబుతున్నాను. ఏటా సెలవులకు రెండు నెలలకు మించి ఇక్కడ లేరనుకుంటే, ఆ ప్రయాణపు ఆర్థిక సంవత్సరంలో మన దేశంలో 182 రోజుల కంటే తక్కువ ఉంటే ఆదాయపు పన్ను దృష్టిలో మీరు ప్రవాసే. షార్జాలో అందుకున్న గ్రాట్యుటీపై ఇక్కడ పన్ను ఉండదు. అయితే తిరిగొచ్చి ఇక్కడే ఉంటున్నప్పుడు బ్యాంకుకు చెప్పి ఎన్‌ఆర్‌ఈ ఖాతాను మామూలు ఖాతాగా మార్పించుకోవాలి, అప్పటి నుంచి వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు. మిగిలే రెండు డిపాజిట్ల వడ్డీ ఏడాదికి లక్షకు అటూఇటూగా ఉంటుంది. కొత్త పన్ను విధానంలో నాలుగు లక్షల దాకా పన్ను లేదు. దీని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

నిద్ర పాడుచేసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఉద్యోగంతోపాటు బడి ఇచ్చిన ఆరోగ్య బీమా పోతుంది. ఇక్కడ మీ పేరున ఒక ఆరోగ్య పాలసీ ఇప్పుడే తీసుకోండి. సాధారణంగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వర్తించదు, పాత జబ్బులుంటే మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ప్రయాణ బీమా దీనికి అదనం. దాన్ని మన దేశం నుంచి బయలుదేరకముందే కొనాలి, ఎన్ని రోజులకు వర్తిస్తుందో చూసి కొనాలి.

ఆ బీమా కాగితంలో స్కూటరు గురించి ఏముందో కూడా చదవండి. వియత్నాంలో అడుగుపెట్టిన ప్రతి కుర్రకారూ మొదట అద్దెకు తీసుకునేది స్కూటరే. మన రవాణా శాఖ ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు రవాణా ఒప్పందం కిందిది. వియత్నాం గుర్తించేది 1968 ఒప్పందం కిందిది. చెల్లని లైసెన్సుతో నడిపి కాలు విరిగితే బీమా సంస్థ ఆసుపత్రి ఖర్చు ఇవ్వనంటుంది. మీరు ఎత్తి పెట్టిన లక్ష కూడా అందుకు చాలదు.

కార్డు విషయంలోనూ కాస్త జాగ్రత్త. విదేశాల్లో గీకిన ప్రతిసారీ చాలా కార్డులకు మూడున్నర శాతం దాకా అదనంగా పడుతుంది. ఆరు లక్షల మీద అది 21,000. మీ లెక్కన ఎనిమిది రోజుల తిండి, పడక. ఆ రుసుము లేని కార్డు ఒకటి వెతుక్కోండి.

షార్జాలో వదిలిరాకూడని కాగితాలు: ధ్రువీకరించిన అనుభవ పత్రం, పోలీసు క్లియరెన్స్ పత్రం, క్రెడిట్ కార్డు మూసేసి బాకీ లేదని బ్యాంకు ఇచ్చే లేఖ. ఇవి వచ్చాక తెప్పించుకోవడం ఎంత తలనొప్పో మళ్లీ గల్ఫ్‌కు వెళ్లినవారిని అడగండి. గ్రాట్యుటీ జమ అయ్యేవరకు అక్కడి ఖాతా మూయవద్దు. జమ కాగానే ఇక్కడికి పంపేయండి. వీసా రద్దయి ఎమిరేట్స్ ఐడీ గడువు తీరితే ఆ ఖాతాలోని డబ్బు కదిలించడం కష్టం.

రాజీనామా లేఖ ఇచ్చే ముందు కాంట్రాక్టులో నోటీసు గడువు ఎన్ని రోజులని రాసి ఉందో చూడండి. చట్ట ప్రకారం అది 30 నుంచి 90 రోజుల మధ్య ఉంటుంది. 90 రోజులైతే మార్చి 31న బయటపడటానికి డిసెంబరు నెలాఖరుకే లేఖ ఇచ్చి ఉండాలి. నోటీసు ఇవ్వకుండా వెళ్తే ఆ మూడు నెలల వేతనం మీరే బడికి కట్టాలి. ఈసారి లెక్క వేసేది మూల వేతనం మీద కాదు, మొత్తం జీతం మీద. మూడు ఆరువేల ఐదువందలు 19,500. మీ గ్రాట్యుటీ 19,800. కాంట్రాక్టులో ఆ పంక్తి చూసి, ఎన్ని రోజులుందో నాకు రాయండి.